రాబందుల కాక

మా రాబందుల కాక మొన్న ఆదివారం తెల్లారేసరికి పోయిండు. గోదావరిఖనిలో మా గల్లీకి ఆ కబురు నోటితో చెప్పాల్సిన పని పడలేదు. ఎన్నడూ గల్లీకి రాని రాబందు ఆయన రేకుల ఇంటి మీద మెడ ముడుచుకొని కూసున్నది. రాయి విసిరినా లేవలేదు. పాడె కడుతుంటే లేచి గుట్ట దిక్కు పోయింది.

గుట్ట అంచు మీద పొడుగు ముక్కు రాబందుల జంట ఒక్కటే మిగిలింది. ఓపెన్‌కాస్టు గని బ్లాస్టింగ్ ఏటికేడు దగ్గరికొస్తున్నది. బొగ్గుబాయి పని నుంచి రిటైరైనంక వాటిని కాసుడే కాకకు డ్యూటీ. ఎవరింట్ల గొడ్డు చచ్చినా ముందుగా వచ్చి, నొప్పుల సూది ఏసిన్రా అని అడిగేటోడు. ఆ మందు మాంసంలో నిలుస్తది, తిన్న రాబందు చస్తది. సూది ఏసి ఉంటే తానే గుంత తవ్వి పాతేటోడు. లేకుంటే గుట్ట కిందికి ఈడ్చుకపోయేటోడు.

"మనుషులు చస్తె రావు, బర్రె చస్తె ఉరికొస్తవేంది కాకా?" అని మా అక్క ఎక్కిరించేది.

"మనిషిని మొయ్యనీకి నలుగురున్నరు గదనే" అనేటోడు.

నేను గల్లీ గల్లీ తిరిగి వాక్యం చెప్పేటోణ్ని. బడి మొహం చూడలేదు, బైబిలు గ్రంథమే నా బడి. రాబందు అపవిత్రమైన పక్షి అని మైకులో ఉరిమిన. సభ అయినంక కాక మెల్లగ అడిగిండు: "తినొద్దని గద రాసింది బిడ్డా. సంపుమని ఏడున్నది?"

వారం రోజులు పేజీలు తిప్పిన. దొరకలేదు. గూట్లో పిల్లలున్నప్పుడు తల్లిని పట్టొద్దన్న మాట మాత్రం దొరికింది. దాన్ని మైకులో చెప్పలేదు.

ఈ చలికాలం మా బర్రె చచ్చింది. మూడు దినాలు నొప్పుల సూదులు ఏయించిన. మరునాడు ఇంటి ముందర సభ ఉన్నది, అక్కడ తప్ప పాతిపెట్ట జాగ లేదు. కాక అడిగితే, గ్రంథం చంకలో పెట్టుకొనే, ఏయలేదన్న. ఆయన నమ్మి బర్రెను గుట్ట కిందికి ఈడ్చుకపోయిండు.

కొద్ది దినాలకే జంటలో ఒకటి గూటి కింద తల వాలేసి చచ్చి పడి ఉన్నది. పైన గూట్లో పిల్ల. మిగిలిన ఒక్కటి మేతకు పోతే కాపల లేదు, కాపలుంటే మేత లేదు.

కాక ఆ పక్షిని గోనెసంచిలో నా గడప ముందరికి తెచ్చిండు. సూది మాట ఎత్తలేదు. ఇద్దరం కలిసి గుంత తవ్వినం. దాన్ని లోపల పెట్టినంక ఆయన, "ఒక మాట చెప్పు బిడ్డా" అన్నడు. అన్ని సభలల్ల ఉరిమినోణ్ని, చేతుల మట్టి దులుపుకుంట నిలబడ్డ. ఆయనే మట్టి కప్పిండు.

తర్వాత దగ్గు ముదిరినా గుట్ట ఇడవలేదు. దవాఖానకు పొమ్మంటే, పిల్ల ఎగిరినంక పోత అన్నడు. సూది ఏయలేదన్న నా అబద్ధాన్ని ఆయన ముందర ఒప్పుకోలేకపోయిన. ఇయ్యాల మీ ముందర ఒప్పుకుంటున్న.

కాకకు మన్నేసినంక నేనొక్కణ్నే గుట్ట ఎక్కిన. గూట్లో పిల్ల ఎదిగి ఉన్నది, ఒంటరిగ. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగింది. కాకులన్నీ లేచినయి. నా కాళ్ల కింద బండ అదిరింది, దుమ్ము లేచి ఎండ మసకబారింది. పిల్ల బెదరలేదు. మెడ తిప్పి నన్నే చూసుకుంట, అంచుకు రెండడుగులు జరిగి, రెక్కలు సగం విప్పి, అట్లనే నిలబడ్డది.