అమ్మమ్మ కోసం అరవం వెతుక్కుంటూ

మా అమ్మమ్మ ఎనభైల చివర్లో ఒక వేసవి తెల్లవారుజామున బాపట్లలో మా ఇంట్లోనే పోయింది. ఎనభై దాటిన మనిషి. ముందురోజు మజ్జిగన్నం తిని, అల్లుడు రేడియో గట్టిగా పెడుతున్నాడని కూతురికి ఫిర్యాదు చేసి పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఇంతకంటే మంచి చావు ఎవరికొస్తుంది చెప్పండి? అందుకే ఆ రెండు రోజులూ తలుచుకుంటే నాకు ఏడుపు కంటే నవ్వే ముందొస్తుంది. తప్పుపట్టేవాళ్ళు పట్టనీ.

అమ్మమ్మది తంజావూరు దగ్గర పల్లె. మా అమ్మ నర్సు ఉద్యోగానికి రేపల్లె వచ్చి, అదే ఆసుపత్రిలో గుమస్తాగా ఉన్న నాన్నని చేసుకుంది. ఇద్దరూ లూథరన్ క్రైస్తవులే కాబట్టి గుడి దగ్గర పేచీ రాలేదు. తాతయ్య పోయాక అమ్మమ్మ ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేసింది. వచ్చి ఇన్నేళ్ళయినా తెలుగు మాత్రం నేర్చుకోనని భీష్మించుకుంది. సూర్యలంక నుంచి చేపలు తెచ్చే ఆవిడతో మా గుమ్మంలో రోజూ దెబ్బలాటే. ఈవిడ అరవంలో, ఆవిడ తెలుగులో. ఒకరు అన్నది రెండోవాళ్ళకి అర్థం కాకపోవడం అనే సమస్యే రాలేదు. ఎప్పుడూ అమ్మమ్మే గెలిచి, కొసరు చేప వేయించుకుని లోపలికి వచ్చేది.

పిల్లలం మాకు అరవం అర్థమయ్యేది గానీ జవాబు తెలుగులోనే చెప్పేవాళ్ళం. నాన్నకి అదీ లేదు. ఎదురుగుండా అత్తగారు కూర్చుని ఉండగానే "మీ అమ్మగారికి కాఫీ కావాలేమో అడుగు" అని అమ్మతో అనేవాడు. అమ్మ అడిగేది. ఆవిడ చెప్పేది. ఇంట్లో అమ్మతో తమిళం మాట్లాడే మనిషి ఒక్క అమ్మమ్మే.

పొద్దున్నే మా గుడి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, మర్నాడు సాయంత్రం భూస్థాపన అని చెప్పారు. ట్రంకు కాల్ చేస్తే తంజావూరు వాళ్ళు అంతలో అందుకోలేమన్నారు. ఐసు దిమ్మలు వచ్చాయి. వాకిట్లో వడ్రంగి పెట్టె మొదలుపెట్టాడు. అప్పుడు అమ్మ నాన్నని పిలిచి ఒకే ఒక్క మాట అంది.

"సమాధి దగ్గర ప్రార్థన తమిళంలో జరగాలండీ. అమ్మకి మాటిచ్చాను."

"నువ్వే చేసెయ్యమ్మా," అన్నాను నేను, తెలివి ఒలకబోస్తూ.

"కన్నకూతురు పెట్టె పక్కన కూర్చోవాలా, ప్రార్థన నడిపించాలా? అయినా నాకు గొంతు లేస్తుందంటావా?" అంది. తరువాత కొంగు సర్దుకుంటూ, "ఈ ఇంట్లో తమిళం ఇవాళ్టితో సరి. ఆ ఆఖరి మాటైనా పద్ధతిగా జరగనివ్వండి," అంది.

నాన్న వెంటనే బాబాయిని, నన్ను బయలుదేరదీశాడు. నేనప్పుడు టీచర్ ట్రైనింగ్ ముగించి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. రేపల్లెలో ఒక ముసలి అయ్యగారున్నారనీ, ఆయన మద్రాసులో చదువుకున్నారనీ, తమిళం బాగా వచ్చనీ ఎవరో చెప్పారు. కర్లపాలెం మీదుగా వెళ్ళే బస్సెక్కాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. బాబాయి దారి పొడుగునా "దేవుడే చూపిస్తాడమ్మా" అంటూనే ఉన్నాడు. కిటికీ పక్క సీటు మాత్రం నాకు చూపించలేదు.

రేపల్లె అయ్యగారు వరండాలో వాలుకుర్చీలో కూర్చుని మా మాట అంతా విన్నారు. విని పకపకా నవ్వారు.

"నాకొచ్చిన అరవం అంతా హాస్టలు మెస్సులోదమ్మా. ఇంకాస్త సాంబారు పొయ్యమనడం వచ్చు, చాలు అనడం వచ్చు. సమాధి దగ్గర అవి పనికొస్తాయంటావా?"

నాకూ నవ్వొచ్చింది. బాబాయికి రాలేదు. అయ్యగారే మళ్ళీ ఆలోచించి, తెనాలి స్టేషను వెనక వీధిలో రైల్వే గార్డుగా రిటైరైన తమిళుడొకాయన ఉన్నాడని, మనిషి మంచివాడని చెప్పారు. గుడ్డిలో మెల్ల అనుకుని తెనాలి పాసింజరు ఎక్కాం. భట్టిప్రోలు దాటేసరికి బాబాయి మళ్ళీ దేవుడి మీద భారం వేశాడు.

తెనాలిలో దిగగానే నా చెప్పు తెగింది. స్టేషను బయట కుట్టించుకుంటూ నేను ఉండిపోతే బాబాయి ఒక్కడే వెళ్ళాడు. కాసేపటికి మొహం ఇంత చేసుకుని తిరిగొచ్చాడు.

"అయిపోయిందమ్మా పని! ఎంత మంచోడనుకున్నావ్! 'మా వదిన వాళ్ళమ్మగారు పోయారండి, మీ భాషలో కార్యం జరిపించాలండి' అన్నానో లేదో, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'ఊరుగాని ఊళ్ళో మా మనిషి పోతే మేం రాకుండా ఉంటామా, మీరేమీ చూసుకోవద్దు, కావలసినవన్నీ నేనే తెస్తాను' అన్నాడు."

ఆ 'కావలసినవన్నీ' ఏంటో నేనైనా అడగాల్సింది. ఎండకి బుర్ర పనిచెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంటి ముందు రెండు రిక్షాలు ఆగాయి. ముందు రిక్షాలోంచి నిలువెత్తు మనిషి దిగాడు, తెల్ల పంచె, నుదుటి నిండా విభూతి. వెనక రిక్షాలో ఆయన మేనల్లుడు. వాళ్ళతోపాటు పచ్చి వెదుళ్ళు, అల్లిన కొబ్బరాకులు, ఒక కొత్తకుండ, బుట్టెడు బంతిపూలు. వాకిట్లో శిలువ గుర్తు దిగ్గొట్టిన నల్లగుడ్డ పెట్టె, పక్కన తెల్ల అంగీలో మా అయ్యగారు, పాటల పుస్తకాలు పట్టుకుని స్త్రీల సమాజం. ఆయన పెట్టెని చూశాడు. మా వాళ్ళు వెదుళ్ళని చూశారు. పాట ఎవరి నోట్లో వాళ్ళకి ఆగిపోయింది.

నేను బాబాయిని పెరట్లోకి లాక్కెళ్ళాను.

"మనం క్రైస్తవులమని చెప్పలేదా?"

"చెప్పేదేముందే? అరవవాళ్ళంతా మనోళ్ళేగా!"

ఒళ్ళు మండిపోయింది నాకు. బాబాయి జీవితంలో చూసిన తమిళులు ఇద్దరు, మా అమ్మ, అమ్మమ్మ. ఇద్దరూ ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళేవాళ్ళే. దాంతో తమిళ దేశమంతా లూథరన్లే ఉంటారని ఆయన లెక్క. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది బాబాయ్," అన్నాను. పెద్దా చిన్నా చూడకుండా ఇంకా నాలుగన్నాను. ఆయన పాపం నూతి పళ్ళెం మీద కూర్చుని తలొంచుకుని అన్నీ పడ్డాడు.

మేం వాకిట్లోకి వచ్చేసరికి కథ మారిపోయింది. తమిళం చెవిన పడి అమ్మ లోపల్నుంచి వచ్చి "అణ్ణా" అంది. ఆ పెద్దమనిషి ఇంకేమీ అడగలేదు. జరిగిన పొరపాటు ఆయనే అర్థం చేసుకుని, "నీకేం కావాలో చెప్పు తల్లీ," అన్నాడు తమిళంలో. అమ్మ చెప్పింది. మీ ప్రార్థనలు నాకు రావే అన్నాడాయన. అమ్మ లోపలికెళ్ళి అమ్మమ్మ తమిళ ప్రార్థనల పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆ వెదుళ్ళు పాతి, పైన కొబ్బరాకులు కప్పితే ఎండలో నిలబడ్డ ఆడవాళ్ళకి పందిరైంది. బంతిపూలు పెట్టెలోకి వెళ్ళాయి. కుండని ఏం చెయ్యాలో తెలియక గోడవార పెట్టారు.

సమాధుల దొడ్డిలో తెలుగు ప్రార్థన అయింది. అయ్యగారు పక్కకి జరిగి గార్డుగారికి చోటిచ్చారు. అప్పుడు లేచాడు మా సంఘ పెద్ద ఒకాయన. మంచివాడే, కాకపోతే చాదస్తం పాలు ఎక్కువ.

"విభూతి పెట్టుకున్న మనిషి చేత ఇక్కడ ప్రార్థన చదివించడమేంటండి అయ్యగారూ? రేపు నలుగురూ నవ్విపోతారండి."

గార్డుగారికి తెలుగు బాగానే వచ్చు కదా, మొహం చిన్నబుచ్చుకుని భుజం మీది కండువా తీసి నుదురు తుడుచుకోబోయాడు. పెట్టె పక్కన కూర్చున్న అమ్మ చటుక్కున లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. మా అమ్మ నలుగురిలో గొంతెత్తడం నేను అదే మొదటిసారి చూడటం.

"తుడవకండన్నా. పెద్దాయనగారూ, ఆ విభూతి మా అమ్మకేం అడ్డండీ? ఇన్నేళ్ళూ ఆవిడ మీ మాట అర్థంకాకుండానే ప్రతి ఆదివారం మీ మధ్య కూర్చుంది. ఒక్కరోజు మీరు కూర్చోలేరా?"

సంఘ పెద్ద మళ్ళీ కూర్చున్నాడు. అయ్యగారు "చదవండి సార్," అన్నారు.

ఆయన చదివాడు. గార్డు గొంతు కదా, ఆ చివరి సమాధి దాకా వినిపించింది. అలవాటు లేని మాటల దగ్గర తడబడి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఒక్క పదం దాటవేయలేదు. పుస్తకం మూసి, గుప్పెడు మట్టి వేసి, "పోయిట్టు వాంగమ్మా," అన్నాడు. వెళ్ళి రండమ్మా అని. చనిపోయినవాళ్ళని అలా పంపడం మా దగ్గర లేదు, వాళ్ళ దగ్గరా లేదట. నోట్లోంచి అలా వచ్చేసిందని తరువాత అన్నాడు. మా వాళ్ళందరూ "ఆమెన్" అన్నారు. సంఘ పెద్ద గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది.

చావింట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు కాబట్టి అన్నం, పప్పుచారు ఆ సంఘ పెద్ద ఇంట్లోంచే వచ్చాయి. గార్డుగారు నూతి దగ్గర స్నానం చేసి, మజ్జిగ మాత్రం తాగి, రైలు వేళయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ ఆయనతో మాట్లాడుతూనే ఉంది. కావేరి గురించి, ఊరి గురించి, ఏవో పిండివంటల గురించి. అంత వేగంగా మాట్లాడే మా అమ్మని నేనెప్పుడూ చూడలేదు. చెప్పొద్దూ, నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. మాతో ఎన్నడూ ఇంత సంతోషంగా మాట్లాడలేదే అని.

రిక్షా వచ్చింది. ఆయన వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా చూసి అమ్మ లోపలికి తిరిగింది. ఆ ఊపులోనే, మమ్మల్ని చూసి, "సాప్టీంగళా?" అని అడిగింది.

తిన్నారా అని. రోజూ వినేదే, చిన్నప్పట్నుంచీ అర్థమయ్యేదే. అయినా నాకు నోరు పెగల్లేదు. అలవాటుగా తెలుగులో జవాబు చెబితే అమ్మ అన్నమాట నిజమైపోతుంది, ఈ ఇంట్లో తమిళం సరి. మా ఎవరి దగ్గర్నుంచీ మాట రాకపోవడం చూసి అమ్మ మొహం మెల్లగా వాడిపోయింది.

అప్పుడు నాన్న లేచాడు. ఇన్నేళ్ళలో ఒక్క తమిళ ముక్క ఆయన నోట మేం వినలేదు. ఆయన విస్తరి ముందు పీట వాల్చి, గొంతు సవరించుకుని, పరీక్షలో కూర్చున్న పిల్లాడిలా అమ్మ కేసి చూశాడు.

"ఇన్నుం ఇల్లె," అన్నాడు. ఇంకా లేదు. "వా, సాప్పిడలాం." రా, తిందాం.