నిషోకా నరహరి

పాండేసరలో బతుకుతెరువుకు వలసొచ్చిన మన తెలుగువాళ్ళ గల్లీకి వెళ్ళి నరహరి ఇల్లెక్కడ అని అడిగితే ఏ నరహరి అంటారు. నిషోకా నరహరి అంటే మాత్రం పిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. నిషోకా ఆయన ఇంటిపేరేం కాదు. బీపీ మిషన్లు, థర్మామీటర్లు తయారుచేసే ఓ జపాన్ కంపెనీ పేరు. వస్తువు ఆ కంపెనీదైతే చాలు, మూడింతల ధరైనా పెట్టి కొంటాడు. కొన్నదానికి పసుపు బొట్టు పెట్టి అల్మారాలో దాచుకుంటాడు. కరోనాకు ముందు ఇదే మనిషి కంపెనీ పేరెత్తితే కస్సుమనేవాడంటే ఇప్పుడెవరూ నమ్మరు.

కస్సుమనక ఏం చేస్తాడు మరి! ఖటోదరాలో చీరలు మడతపెట్టి ప్యాక్ చేసే కార్ఖానాలో ఇరవై ఏళ్ళుగా ఆయన పని చీర మీద ఠప్పా, అంటే కంపెనీ పేరు ముద్ర, కొట్టడం. మగ్గం ఒకటే, నూలు ఒకటే, రంగు ఒకటే. అంచు మీద బంగారు అక్షరాలతో ఒక పేరు కొడితే అది సంతలో చీర, ఇంకో పేరు కొడితే పెళ్ళికూతురి చీర. పొద్దస్తమానం ఆ పేర్లు తన చేత్తో కొట్టినవాడికి పేర్ల మీద భక్తి ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి.

"అన్నీ ఒక్కటే మాల్. ఠప్పా ఒక్కటే ఫరక్," అనేవాడు ఎవరు ఏం కొన్నా.

ఈ మాట ఎక్కువగా పడేది పక్కింటి రాజమల్లు మీద. నలభై ఏళ్ళు మరమగ్గాలు బాగుచేసి ఇంటిపట్టున కూర్చున్న ముసలాయన. భార్య పోయాక ఆయనకు తోడుగా మిగిలింది బీపీ ఒక్కటే. దాన్ని చూసుకునే మిషన్ దగ్గర్నుంచి జ్వరం చూసుకునేదాకా ఇంట్లో అన్నీ నిషోకావే.

"జపానోడు నీకు అల్లుడా కాకా? గంత పైసలు వాని మొఖాన కొడ్తవు," అని నరహరి ఆటపట్టించేవాడు.

"చేతిల ఒక్కసారి జారిన పానా నేను మళ్ల పట్టలే బిడ్డా. ఇది పదేండ్ల సంది జారలే," అనేవాడు రాజమల్లు. అంతకుమించి వాదించేవాడు కాదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలం నరహరి భార్య పద్మారాణి మంచాన పడింది. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ ఇంట్లో ఉండాలన్నారు. మందుల దుకాణంలో నిషోకాది ఒకటి మిగిలి ఉంది. ధర విని నరహరికి నవ్వొచ్చింది. జేబులో డబ్బు లేక కాదు. ఠప్పాకు డబ్బు పెట్టడం ఆయన ప్రాణం ఒప్పలేదు. ఆ దుకాణం ముందే బండి మీద పేరూ ఊరూ లేనిది అమ్ముతుంటే అది కొనుక్కొచ్చాడు.

అది పొద్దునా సాయంత్రం తొంభై ఏడు చూపించింది. నరహరి ఊపిరి పీల్చుకున్నాడు, గల్లీలో అందరికీ చెప్పుకున్నాడు కూడా. పద్మారాణి మాత్రం నాలుగో రోజుకు గోడ పట్టుకుని నడవసాగింది. నీరసం అనుకున్నారు ఇద్దరూ.

గుమ్మం బయట నిలబడి పలకరించిన రాజమల్లుకు ఆ గొంతు నచ్చలేదు. "కోడలు మాట మధ్యల తెగుతున్నదిరా," అని తన ఇంటికి వెళ్ళి ఆక్సిజన్ చూసే నిషోకా మిషన్ పట్టుకొచ్చాడు. పద్మారాణి వేలికి పెడితే ఎనభై నాలుగు చూపించింది.

"నీదే ఖరాబైనట్టున్నది కాకా," అన్నాడు నరహరి.

ముసలాయన గూట్లో పాత సామానులో పడి ఉన్న దారం చుట్టే కర్ర కండె ఒకటి తీసి, దాని కొసకు నరహరి కొన్న మిషన్ తగిలించాడు. కాసేపు మిణుకుమిణుకుమని కర్రకు కూడా తొంభై ఆరు చూపించింది. నరహరి ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాడు.

ఆటో దొరకబుచ్చుకుని పడక కోసం తిరగని ఆస్పత్రి లేదు. చివరికి వరాఛాలో పెళ్ళిళ్ళ వాడీని, అంటే కల్యాణమండపాన్ని, ఆస్పత్రిగా మార్చి పడకలు వేసినచోట చేర్చుకున్నారు. ఇంకో పూట ఆగి ఉంటే నా దగ్గరికి తేవలసిన పని ఉండేది కాదన్నాడు అక్కడి డాక్టరు. రెండు వారాలు నరహరి ఆ వాడీ గోడవారనే పడి ఉన్నాడు. తిండి సయించలేదు. తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది.

పద్మారాణి బతికి బయటపడింది. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే, కానీ మనిషి దక్కింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే నిషోకా మిషన్లు ఒక్కొక్కటీ ఇల్లు చేరాయి. బీపీ లేని ఇంటికి బీపీ మిషన్ ఎందుకని గల్లీ అంతా నవ్వింది. నవ్వనీ అన్నాడు నరహరి. పేరు చూసి ఎక్కువ పెట్టేవాళ్ళంతా పిచ్చివాళ్ళని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వాళ్ళలో కొందరైనా, రాత్రి భయం లేకుండా పడుకోవడానికి పెట్టారేమోనని ఇప్పుడు తోచింది.

అయినా ఒక ముల్లు లోపలే ఉండిపోయింది. ఒకనాడు భార్య తీరిగ్గా బియ్యం ఏరుతుంటే అడిగేశాడు.

"నాలుగు దినాలు దమ్ము ఆడకుంటే నాకెందుకు చెప్పలే?"

పద్మారాణి చేట దించి ఆయనవైపు చూసింది. "మిషన్ మంచిగున్నవని చెప్తున్నది గదనయ్యా. నా పానమే అబద్ధమాడుతున్నదనుకున్న."

"బండి మీది మిషన్‌ను గంత నమ్మినవా?"

"బండి సంగతి నాకేమెరుక? నువ్వు తెచ్చినవ్ గదా," అంది. మళ్ళీ చేట అందుకుని రాళ్ళు ఏరుకుంది.

పేరు లేని ఆ మిషన్ మీద ఠప్పా కొట్టింది తన చెయ్యేనని నరహరికి అప్పుడర్థమైంది. మర్నాడు ఖటోదరాకు వెళ్ళి తనకిక ఠప్పా పని వద్దనీ, కూలి తక్కువైనా చీరలు మడతపెట్టే పనిలో వెయ్యమనీ కార్ఖానా సేఠ్‌ను అడిగాడు. ఇరవై ఏళ్ళ పని, ఉన్నట్టుండి ఏమైందన్నాడు సేఠ్. చెయ్యి నొస్తోందన్నాడు నరహరి.