సగంగారి సగం గడ్డం

లోకంలో ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం. సగంగారి పిచ్చి ఏమిటంటే, ఆయన ఏ కథనూ చివరిదాకా చెప్పి ఎరగరు.

వీధి చివరి గ్రంథాలయానికి అధికారీ ఆయనే, గుమాస్తా ఆయనే, దుమ్ము దులిపేదీ ఆయనే. అసలు పేరు ఆయన భార్యక్కూడా గుర్తుందో లేదో అనుమానమే. ఒకరోజు ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, వీధిలో ఆ గోలేమిటి?" అని అడిగింది. ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఎదురింటాయన నిచ్చెనెక్కాడు. నిచ్చెనకి మేకని కట్టేశారు. ఇప్పుడే మేకకి అటుపక్క పచ్చటి ఆకులు కనబడ్డాయి..." అని ఆపి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు. ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే వీధిలోకి పరిగెత్తింది.

గ్రంథాలయానికి జనం రావడం మానేసినప్పుడు ఆయన దిగులుపడుతూ కూర్చోలేదు. పుస్తకాన్నే జనం దగ్గరికి తీసుకుపోయారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళ మధ్య, ఇస్త్రీ బల్ల పక్కన, శనివారం సాయంత్రాలైతే కత్తెర బాబాయి సెలూన్లో, కళ్ళు పెద్దవి చేసి గొంతు తగ్గించి చదివేవారు. అందరికీ ఊపిరాగే చోట పుస్తకం టప్పున మూసేసేవారు.

"మిగతాది పుస్తకంలో ఉంది. పుస్తకం లైబ్రరీలో ఉంది. లైబ్రరీ తలుపు తెరిచే ఉంది!"

జనం తిట్టుకుంటూనే ఒక్కొక్కరే వెళ్ళి ఆ తలుపు తోయసాగారు. కత్తెర బాబాయి మాత్రం వెళ్ళలేదు.

బాబాయి ఊరందరి తలలూ చేతిలో పెట్టుకున్న మనిషి. కానీ చిన్నప్పుడు బళ్ళో కూడబలుక్కుని చదువుతుంటే పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. అందుకే పేపరు రాగానే, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, కాస్త చదివిపెట్టండి" అని కుర్చీలో ఉన్నవాళ్ళ చేతికిచ్చేవాడు. అసలు అతనికి కళ్ళజోడే లేదు.

అలాంటి బాబాయిని పడవవాడి కథ పట్టుకుంది. నడి ఏట్లో పడవ. అందులో ఎవరో వదిలేసిపోయిన ఇనప్పెట్టె. పెట్టెలోంచి టక్... టక్... పడవవాడు తెడ్డు వదిలేశాడు. టప్! సగంగారు పుస్తకం మూసేశారు.

ఇక బాబాయి మనసంతా పెట్టెలోనే. ఆ ధ్యాసలో దర్జీకి ఒకవైపు మీసం పొట్టిదైపోయింది.

"నా మీసం సంగతేంటి బాబాయ్?"

"ముందు ఆ పెట్టె సంగతి చెప్పు!"

మళ్ళీ సగంగారు గడ్డానికి వచ్చి కూర్చోగానే బాబాయి ఒక చెంప నున్నగా గీసి, కత్తి పైకెత్తాడు.

"పెట్టెలో ఏముంది?"

"పుస్తకంలో ఉంది."

"చెప్తారా, చెప్పరా?"

"గొంతు కోసినా చెప్పను!"

"అయితే మిగతా గడ్డం నా కత్తిలో ఉంది. కత్తి నా చేతిలో ఉంది. తలుపు తెరిచే ఉంది, దయచెయ్యండి!"

సగంగారు నున్నటి చెంప ఒకసారి, గరుకు చెంప ఒకసారి నిమురుకుని, దర్జాగా వీధిలోకి నడిచారు. పుస్తకం మాత్రం కుర్చీలోనే ఉండిపోయింది. బాబాయి దాన్ని పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తాడు.

"ఉంచుకో బాబాయ్!" అని మలుపు దగ్గర్నుంచి కేకేశారాయన. "దానికి కళ్ళజోడు అక్కర్లేదు. తొందర కూడా లేదు!"

బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఈయనకి తెలిసిపోయిందన్నమాట! సిగ్గుతో పుస్తకాన్ని తువ్వాళ్ళ సొరుగులో కుక్కేశాడు. కానీ పెట్టె ఊరుకోనిస్తుందా? మధ్యాహ్నం షట్టరు సగం దించి, వరస కింద వేలు పెట్టి మొదలుపెట్టాడు. ముందు చెమటలు పట్టాయి. నాలుగు పేజీలు తిరిగేసరికి పడవ కదిలింది.

అక్కడ సగంగారు సగం గడ్డంతోనే ఊరంతా తిరుగుతున్నారు. నున్నటి చెంపని మాత్రం రోజూ ఇంట్లో తనే గీసుకునేవారట! "ఇదేం అవతారమండీ?" అని ఎవరడిగినా, "ఒక పెట్టె వల్ల వచ్చింది. నడి ఏట్లో..." అని ఎత్తుకునేవారు. ఊరు ఊరంతా ఆ పుస్తకం కోసం ఎగబడింది.

ఓ పొద్దున దర్జీ కుర్చీలో కూర్చుని మండిపడ్డాడు. "పుస్తకం బైండింగుకి పోయిందట బాబాయ్! ఎప్పుడెళ్ళినా ఆ సగం పెద్దమనిషి జిగురు ఆరలేదంటాడు. ఇన్నాళ్ళూ ఆరని జిగురు ఎక్కడైనా ఉంటుందా? అబద్ధాలకోరని మొహం మీదే అనేశాను. అందరం అన్నాం. నవ్వుతాడు గానీ నోరు విప్పడే!"

బాబాయి కత్తెర ఆగిపోయింది. ఆ పుస్తకం చేతికందే దూరంలో, సొరుగులో ఉంది. నెమ్మదిగా చదివే మనిషిని ఎవరూ తొందరపెట్టకూడదని, ఆ మనిషి గుట్టు బయటపడకూడదని సగంగారు ఊరందరి చేతా తిట్లు తింటున్నారు.

"శనివారం అందర్నీ లైబ్రరీకి రమ్మను," అన్నాడు. "జిగురు ఆరిపోయింది."

"నీకెలా తెలుసు? ఎవరు చదువుతారు?"

"నేనే," అనేసి బాబాయి తన మాటకి తనే అదిరిపడ్డాడు.

శనివారం గ్రంథాలయంలో ఇసక వేస్తే రాలలేదు. సగంగారు తన కుర్చీనే బాబాయికిచ్చి, ఓ మూల నిలబడ్డారు. బాబాయి ఇంకా తనూ చదవని చివరి అధ్యాయం తెరిచి, వేలు పెట్టాడు.

"ప... డ... వ... వా... డు..."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. "నోర్ముయ్!" అని దర్జీ గర్జించాడు. ఆ తర్వాత నవ్వడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. సగంగారు చదివితే కథ పరిగెత్తేది. బాబాయి చదువుతుంటే చీకట్లో గోడ పట్టుకుని పెట్టె దగ్గరికి నడుస్తున్నట్టుంది. "గొ... ళ్ళెం..." జనం బెంచీల మీంచి లేచారు. "తీ... శా... డు..." ముసలావిడ ఒకామె పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "మూ... త... ఎ... త్తి... చూ... స్తే..."

బాబాయి తర్వాతి వాక్యాన్ని కళ్ళతోనే చదువుకున్నాడు. మొహమంతా వెలిగిపోయింది. టప్!

"మిగతాది పుస్తకంలో ఉంది!"

పైకప్పు ఎగిరిపోయేంత గోల! "ఇద్దరూ తోడుదొంగలే!" అని దర్జీ బల్లెక్కి అరిచాడు. ఆ అరిచినవాడే అందరికంటే ముందు దూకి పుస్తకం చేజిక్కించుకున్నాడు. అది దక్కనివాళ్ళు కోపంకొద్దీ చేతికందిన మరో పుస్తకం పట్టుకుపోయారు. బీరువాలు బోసిపోయాయి.

జనం పలచబడ్డాక బాబాయి సంచిలోంచి సబ్బు, కత్తి తీశాడు. "కూర్చోండి సగంగారూ. మిగతా సగం బాకీ ఉన్నాను."

సగంగారు నురగ చెంపతో వెనక్కి వాలారు. "బాబాయ్, ఆ పెట్టెలో ఏముందో నాకు తెలుసు కదా. అయినా ఇవాళ నువ్వు చదువుతుంటే నాకు..."

అక్కడ ఆగిపోయారు. బాబాయి కత్తెత్తి పట్టుకుని ఎదురుచూశాడు.

"ఊఁ? మీకు?"

సగంగారు కళ్ళు మూసుకుని చెంప తిప్పారు. రెప్పల చివర తడిగా ఉంది, నురగ కింద పెదాలు నవ్వుతున్నాయి. బాబాయి ఇక రెట్టించలేదు. గడ్డం మాత్రం పూర్తిగా గీశాడు.