టూహీ గారి నిదానం

ఐర్లండు పడమటి కొసన కిల్‌రష్‌లో వీలునామా రాయించాలంటే సొలిసిటర్ కొర్నీలియస్ టూహీ దగ్గరికే వెళ్లాలి. ఓపిక మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. కళ్లద్దాలు తుడుచుకోనిదే ఆయన పలకరింపుకైనా బదులిచ్చేవాడు కాదు. తర్వాత ముక్కుపొడి పీల్చి, తుమ్ము వచ్చేదాకా ఆగేవాడు. "ఆయన సిరా ఆరేలోపు మనం పోతాం" అని ఊరు నవ్వుకునేది.

ఒక ఉదయం మంచం పట్టిన రైతు మథాయస్ లిలిస్ కబురు పెట్టాడు. ఊరికి గిట్టని ఇంగ్లండు రాజుగారి పోలీసువాణ్ణి పెళ్లాడిన కూతురు డీలియాకి సెంటు భూమి కూడా దక్కకూడదట. టూహీ వచ్చి మంచం పక్కన తీరిగ్గా కూర్చుని, "ఒక్కో పొలం పేరు చెప్పండి" అన్నాడు.

"పేర్లెందుకండీ? అంతా తమ్ముడి కొడుక్కని గీకెయ్యండి."

"చట్టానికి పేర్లు కావాలి."

చట్టం అలాంటిదేమీ అడగదు. ముసలాయన గొణుగుతూ బావి పొలం, గుర్రం పొలం చెప్పి, మూడోదాని దగ్గర ఆగాడు. "రాళ్ల పొలం. ఇప్పుడు రాళ్లు లేవులెండి. ఆరేళ్లప్పుడు మా డీలియా గౌను ఒడిలో వేసుకుని మోసి పారేసింది."

టూహీ ఏమీ రాయలేదు. కళ్లద్దాలు తీసి మళ్లీ తుడిచాడు. చాలాసేపటికి లిలిస్ గోడవైపు తిరిగి అన్నాడు: "ఆ కాగితం మడిచెయ్యండి. దాన్ని రమ్మని ఉత్తరం రాయండి. మొగుణ్ణి కూడా తీసుకురమ్మనండి. వాడి పోలీసు టోపీ మాత్రం గుమ్మం బయట పెట్టి రావాలి."