మీటరులో ఎర్రదీపం

బయటి నుంచి రాగానే ఆమె చెప్పులు విప్పేలోపే వరండాలోని కరెంటు మీటరు వైపు చూస్తుంది. వాడకం పెరిగేకొద్దీ అందులోని ఎర్రదీపం వేగంగా మిణుకుమంటుంది. ఆ వేగాన్ని బట్టి లోపల ఏ స్విచ్చి వేసి ఉందో చెప్పేస్తుంది. "ఇస్త్రీపెట్టె ఆపండి!" అని గుమ్మంలోంచే కేక పెడుతుంది. "ఎప్పుడైనా నా మొహం అంత శ్రద్ధగా చూశావా?" అని భర్త వేళాకోళం చేసినా ఆమెకు నవ్వు రాదు. అత్తగారి ఉబ్బసానికి చలికాలమంతా గదిలో హీటరు ఉండాల్సిందే. కిందటి నెల బిల్లు ఇంకా సగం కట్టాలి. కరెంటు కోసేస్తే ఆమె బట్టలు కుట్టే మిషను మోటారు కూడా మూలపడుతుంది.

మొన్న మంచు దట్టంగా కమ్మిన ఉదయం, కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి దీపం నింపాదిగా మిణుకుమంటోంది. ఆమె చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది. హీటరు ఆపేసి ఉంది. రెండు దుప్పట్ల కింద అత్తగారు పిల్లికూతలతో ఊపిరి కోసం ఎగబీలుస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. హీటరు వేసి, మందు పీల్పించి, మంచుగడ్డల్లాంటి ఆ చేతులు రుద్దుతూ కూర్చుంది.

"ఎందుకాపారత్తయ్యా?"

"నీ మోటారు ఆగితే అందరి తిండీ ఆగిపోతుందే," అంది ముసలావిడ కాస్త ఊపిరి అందాక. "ఇది ఆగితే ఏమాగుతుంది?"

"మీరాగిపోతారు!" అని అరిచేసింది కోడలు.

ఆ సాయంత్రమే మిషనుకున్న మోటారు విప్పి అటక మీద పెట్టింది. ఇప్పుడు కాళ్లతోనే తొక్కుతోంది.