పేరు చెప్పని పసరు

మా అత్తగారింట్లో పొద్దున్నే పచ్చటి పసరు ఏదో ఒకటి గొంతు దిగితే తప్ప చద్దన్నం గిన్నె కదిలేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అది కోడలికి పెట్టిన పరీక్ష అనుకున్నాను. తర్వాత చూస్తే ఇంటి కొడుక్కీ అదే శిక్ష. ఒకరోజు గుంటగలగర, ఒకరోజు మునగాకు, వానాకాలం వస్తే తులసీ వామాకూ కలిపి. కళ్ళకు మంచిదనీ, కడుపుకు మంచిదనీ, రక్తానికి మంచిదనీ మా అత్తగారు రోజుకో కారణం చెప్పేవారు. మా ఆయన ముక్కు పట్టుకుని ఒక్క గుక్కలో తాగేసి పొలానికి పరుగెత్తేవారు. నాకు ముక్కు పట్టుకునే స్వతంత్రం కూడా లేదు. కొత్త కోడలు మొహం చిట్లించిందన్న వార్త కాలవ రేవు దాకా పోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ పసర్లన్నీ నూరే పని నాదే. దానికి పెరట్లో ఒక చిన్న రోలు వేరుగా ఉండేది. ఉప్పూ కారం దానికి తగలకూడదు. ఆకు కడిగి, గుప్పెడు గుప్పెడుగా వేసి, పొత్రం తిప్పుతూ మధ్యమధ్య చుక్కనీళ్ళు చిలకరించాలి. నీళ్ళు ఎక్కువైతే ఆకు జారిపోతుంది, తక్కువైతే పొత్రానికి అంటుకుంటుంది. మెత్తగా అయ్యాక పల్చటి గుడ్డలో వేసి పిండితే పచ్చటి ధార దిగుతుంది. అది వెన్న తీసిన మజ్జిగలో కలిపి ఇవ్వాలి. నా పిడికిలిలో బలం లేదని ఆవిడ నేను పిండేసిన గుడ్డ మళ్ళీ పిండి, ఇంకో నాలుగు చుక్కలు రాల్చి నాకు చూపించేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఇవన్నీ ఇంటి పసర్లు. వీటికి తోడు ఊరి పసరు ఒకటుండేది. అది కామెర్లకు. కళ్ళు పచ్చబడ్డవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, తణుకు వైపు నుంచి కూడా పడవల మీద మా ఇంటికి వచ్చేవారు. ఆనకట్ట నీళ్ళు కాలవల్లో పారడం మొదలయ్యాక దూరాలు తగ్గి, మా వాకిట్లో జనం పెరిగారు. ఆ ఆకు మా అత్తగారికి వాళ్ళ అత్తగారి నుంచి వచ్చింది. దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. తెల్లవారకముందే వెళ్ళి కొయ్యాలి. కొయ్యడానికి బయల్దేరిన దగ్గర్నుంచి రోగి తాగేదాకా కోసే మనిషి నోరు విప్పకూడదు. ముందుగా ఎవరూ దాన్ని వాసన చూడకూడదు, నాలుకకు తగిలించకూడదు, అది ఎంగిలి కింద లెక్క. ఇచ్చే మనిషి తనకు తాను ఇచ్చుకోకూడదు. రోగి దాని పేరు పలకకూడదు. మామూలుగా కూడా పేరు చెప్పరు. నేనూ ఇక్కడ రాయను.

ఆ ఆకు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నమ్మరు గాని నిజం. ఆవిడ చేలగట్టు మీదే కాడల నుంచి ఆకు దూసేసి, కాడలు కాలవలో పారేసి వచ్చేవారు. నా చేతికి వచ్చేసరికి అది బుట్టలో సన్నటి ఆకుల పొట్టు. మొక్క జానెడుంటుందో, మోకాలి ఎత్తుంటుందో, పువ్వుందో కాయుందో చూసిన పాపాన పోలేదు. ఒక కాన్పు అయ్యాక చూపిస్తానని ఆవిడ అనేవారు. నాకూ తొందర లేదు. రోజూ నూరుతున్నది చాలనుకున్నాను.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఆవిడ పెరట్లో కూర్చుని తల దువ్వుకుంటుంటే ఎండ మొహాన పడింది. కళ్ళల్లో తెల్లగుడ్డు పసుపు రాసినట్టుంది. అప్పటికి కొన్నాళ్ళుగా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. నేను నా వంట మీద అలకేమో అనుకున్నాను. ఆవిడకు ముందే తెలుసు. నేను చూశానని గమనించి, దువ్వెన కింద పెట్టి, "చూశావుగా. ఇంక దాచి లాభం లేదు" అన్నారు.

మా ఆయన కంగారుపడిపోయారు. "పడవ మాట్లాడతానమ్మా. రాజమండ్రి పోదాం. అక్కడ దొరల డాక్టరు ఉన్నాడంట" అన్నారు.

"ఊరందరికీ మందు పోసి నేను పడవెక్కితే, రేపు నా గడప ఎవరెక్కుతారు?" అన్నారావిడ. అప్పటికే గొంతు పీలగా ఉంది, కానీ మొండితనం ఎక్కడికీ పోలేదు.

"మరి మందెవరిస్తారు?"

ఆవిడ నా వైపు చూశారు. నా చేతిలో చెంబు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో కూడా తర్వాత గుర్తు రాలేదు.

మా ఆయన బయటికి వెళ్ళాక మంచం పక్కన కూర్చుని బతిమాలాను. "అత్తయ్యా, నాకు మొక్క తెలీదండి. ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో ఒక్క మాట చెప్పండి."

"రోగి నోట మందు మాట రాకూడదమ్మాయ్. వస్తే అది వట్టి గడ్డే."

"పేరొద్దు. ఆనవాలు చెప్పండి."

"ఇన్నాళ్ళు నూరావు. తెలీకపోవడం ఏంటి?" అని ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

సాయంత్రం పొరుగింటి పెద్దమ్మ పలకరించడానికి వచ్చింది. విషయం విని గడప దగ్గరే ఆగిపోయి, నా చెవిలో మెల్లగా, "అత్తకి కోడలు పసరు పోయడమా? చూసి పొయ్యి తల్లీ. జరగరానిది జరిగితే ఎవరికి చెప్పుకుంటావు?" అంది. మంచికే చెప్పింది. కానీ అత్తగారికీ నాకూ సరిపడదని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ముగ్గు దాకా మాకు పేచీయే. అలాంటి అత్త కోడలి చేతి పచ్చనీళ్ళు తాగి పోయిందంటే, ఆ మాట రేపు నాకు పుట్టబోయే పిల్లల పెళ్ళిళ్ళ దాకా వస్తుంది. నిజం చెప్పాలంటే, ఆవిడ పోతారన్న భయం ఎంతో, నా మీదకొస్తుందన్న భయమూ అంతే.

తెల్లవారకముందే మసకవెలుగులో బుట్ట పట్టుకుని చేలగట్టు మీదకు వెళ్ళాను. ఆవిడ వెళ్ళే గట్టు ఏదో తెలుసు. అక్కడ సన్నటి ఆకుల మొక్కలు ఒకటి కాదు, అడుగడుగునా ఉన్నాయి. బాగా వంగి చూస్తే రెండు రకాలు. ఒకటి నేల పట్టుకుని పొట్టిగా ఉంది, ఇంకోటి కాస్త నిలువుగా, ఆకు కొంచెం పెద్దగా ఉంది. బుట్టలో నేను చూసిన ఆకు ఇదా అదా? చిన్నదనిపిస్తే చిన్నది, పెద్దదనిపిస్తే పెద్దది. వాసన చూడకూడదు. నమలకూడదు. దగ్గర్లో ఒకాయన మడవ కట్టి నీళ్ళు తిప్పుతున్నాడు, ఆయన్ని అడగాలన్నా నోరు విప్పకూడదు. ఆయన "ఏమ్మా, మీ అత్తగారికి ఎలా ఉంది" అని కేకేస్తే, నేను తల ఊపి ఊరుకున్నాను. చివరికి నిలువుగా ఉన్నదే ఎంచుకున్నాను. ఎందుకంటే దానికి ఆకు ఎక్కువ ఉంది. ఇంతకన్నా మంచి కారణం చెప్పలేను.

దూసి తెచ్చి నూరాను. గుడ్డలో వేసి పిండాను, నాకు నేనే రెండోసారి కూడా పిండాను. మజ్జిగలో కలిపి ముంత అందించాను. ఆవిడ లేచి కూర్చుని, తూర్పు వైపు దణ్ణం పెట్టి, ఒక గుక్క తాగి ఆగారు. ముంత అంచు మీదుగా నా మొహంలోకి చూశారు. నేను కూడా చూశాను. ఆ తర్వాత ఆవిడ ఆపకుండా చివరి చుక్క దాకా తాగి, ముంత నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నారు. హమ్మయ్య అనుకుని నేను చద్దన్నం ముందు కూర్చున్నాను.

రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాక చెయ్యి ఆగిపోయింది. అన్నం తియ్యగా ఉంది. కామెర్ల పసరు నూరిన రోజు ఎన్నిసార్లు కడుక్కున్నా నా వేళ్ళ చేదు పోయేది కాదు. చద్దన్నం చేదు, మధ్యాహ్నం పప్పూ చేదే. ఆ రోజుల్లో నేను బెల్లం ముక్క తిన్నా విషంలా ఉండేది. ఇప్పుడు వేళ్ళు నాకి చూశాను. లేచి వెళ్ళి రోలు అడుగున మిగిలిన పిప్పి నాలుక మీద వేసుకున్నాను. చప్పగా, కొద్దిగా వగరుగా ఉంది. చేదు లేదు.

అప్పుడు నాకు కలిగిన భయం ఈ వయసులోనూ మరిచిపోలేదు. ఆవిడకు ఏం పోశానో నాకు తెలియదు. గొడ్లు తినే గడ్డో, గొడ్లు కూడా ముట్టనిదో. కాసేపటికి ఆవిడ వాంతి చేసుకున్నారు. కామెర్లకు వాంతులు మామూలే, అంతకుముందు రోజు కూడా అయ్యాయి. అయినా నేను ఎత్తి పారేస్తూ దానిలో పచ్చదనం ఎంతుందో చూశాను. పని మానేసి గుమ్మం దగ్గర కూర్చుని ఆవిడ వీపు ఎగసి పడుతోందా లేదా అని చూస్తూ ఉండిపోయాను. కాస్త ఆగినట్టు అనిపిస్తే చాలు, వెళ్ళి ముక్కు దగ్గర చెయ్యి పెట్టేదాన్ని. మా ఆయన మధ్యాహ్నం వచ్చి, "మందు పడిందా?" అన్నారు. పడిందన్నాను. ఏం పడిందో ఆయన అడగలేదు.

ఇక నా వల్ల కాలేదు. ఆయన భోంచేసి వెళ్ళగానే మంచం దగ్గరికి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "అత్తయ్యా, పొద్దున నేనిచ్చింది అది కాదండి."

"తెలుసు" అన్నారావిడ, ఇటు తిరక్కుండానే.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటి గుక్కకే. దానికి ఆ చేదేదీ?"

"మరి ఎందుకు తాగారు?"

ఆవిడ మెల్లగా ఇటు తిరిగారు. "మొదటిసారి ఇచ్చిన మందు రోగి తోసేస్తే ఆ చెయ్యి ఇంక దేనికీ పనికిరాదు. మా అత్త చెప్పింది. ఎంత మంచి ఆకు కోసినా పలకదు. నీది మొదటిసారి. తోసేస్తే, నా తర్వాత ఈ ఊరికి మందెవరు పోస్తారు?"

"అది ఏ ఆకో మీకు తెలుసా? విషం కాదని తెలిసే తాగారా?"

"తెలీదు. పసరులో ఏం తెలుస్తుంది?"

"మరి రేపు?"

"రేపు నువ్వేది తెస్తే అది తాగుతాను."

ఆవిడ నన్ను అంత నమ్మారని పొంగిపోయానని రాస్తే బాగుంటుంది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇదేం మొండితనం, ఇదేం కట్టుబాటు, నా నెత్తిన ఇంత బరువు పెట్టడానికి ఈవిడెవరు అనుకున్నాను. పెరట్లోకి వెళ్ళి రోలు పక్కన కూర్చుని ఏడ్చాను. అప్పటిదాకా నేను తప్పు చేస్తే ఆవిడ ఆపుతారన్న ధీమా ఏ మూలో ఉండేది. పుట్టిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు ఆపుతూనే వచ్చారు కదా. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. నేను గన్నేరాకు తెచ్చినా ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని తాగుతారు.

మర్నాడు ఇంకా ముందే గట్టు మీదున్నాను. ఈసారి నాకు ఎంగిలీ లేదు, గింగిలీ లేదు. పొట్టి మొక్క ఒకటి పీకి ఆకు నమిలాను. ఆ చేదు నాలుక దాటి చెవుల దాకా పోయింది. అది నిజంగా ఆ చేదేనా, నా భయం కొద్దీ అలా అనిపిస్తోందా అని ఇంకో మొక్క, ఇంకోచోట ఇంకో మొక్క నమిలాను. మింగాను కూడా. ఏదైనా అయితే ముందు నాకే అవ్వాలని. కాలవలో దిగి నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని, తాకని మొక్కల నుంచి ఆకు దూసుకున్నాను. కట్టుబాటు సగం తప్పింది, సగం నిలిచింది. ఆవిడకు చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

ముంత ఇస్తూ కొంచెం పక్క మీద ఒలికించాను. ఆవిడ తాగారు. మొదటి గుక్కకే కళ్ళు గట్టిగా మూసుకుపోయి, మొహమంతా చిట్లిపోయింది. ఆ చిట్లింపు చూసి నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

కళ్ళు తెల్లబడటానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఏ పొద్దునా నేను నిశ్చింతగా ముంత ఇవ్వలేదు. ఉప్పులేని అన్నం తిని తిని, చివరికి ఒకరోజు ఆవిడ నా ముగ్గులో చుక్క తప్పిందని గుమ్మంలోంచి అరిచారు. అప్పుడు కుదుటపడ్డాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి రోగి ఒక పడవ సరంగు. కళ్ళు పచ్చగా, పొట్ట పట్టుకుని వాకిట్లో కూలబడ్డాడు. "మందు మా అమ్మాయి పోస్తుంది" అన్నారు అత్తగారు, లేవకుండానే. నేను మర్నాడు తెచ్చి ఇచ్చాను. అతను అది ఏంటని అడగలేదు, లోపలికి చూడను కూడా లేదు, రెండు చేతులా అందుకుని తాగేశాడు.

అప్పట్నుంచి చాలామందికి పోశాను. అందరూ ఏం తాగుతున్నారో తెలియక తాగినవాళ్ళే, అది మందే అనుకుని తాగినవాళ్ళే. కాదని తెలిసి, నా మొహంలోకి చూసి, మిగిలింది కూడా తాగిన మనిషి ఆవిడ ఒక్కరే. ఇప్పటికీ ఎవరైనా ముంత ఎత్తి మొదటి గుక్క తాగి ఆగితే నాకు ఊపిరి ఆగిపోతుంది.