కంప్యూటర్‌కి అమ్మ కుట్టిన గౌను

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికే నాకు ఈ రోజు పరువు దక్కిందంటే మా అమ్మ చలవే. అది పోయేంత పని చేసింది కూడా ఆవిడే అనుకోండి.

ఇప్పుడు ఎడిట్ చేస్తున్న పెళ్లిలో పెళ్లికూతురి అన్నయ్య ఓడలో పనిచేస్తాడు. చెల్లెలి పెళ్లికి అందలేకపోయాడు. ఈ సాయంత్రం మళ్లీ ఓడెక్కేలోపు సీడీ ఇస్తానని మాటిచ్చాను. తీరా చూస్తే, ఎడిట్ చేసిందంతా ఒక ఫైలుగా తయారవుతూ తలంబ్రాల దగ్గరికి రాగానే నా పాత కంప్యూటర్ ఆగిపోతోంది. పొద్దుటి నుంచీ అదే వరస. ర్యామ్ పెంచాలేమోనని స్నేహితుడు అప్పలరాజుని పిలిచాను. వాడు గుమ్మంలోంచే నవ్వాడు.

"ఏటి బావా, ఈ ఎండల్లో దానికి గౌను తొడిగి పని సెయ్యమంటన్నావా?"

"తొడక్కపోతే పోర్టు బొగ్గు దుమ్మంతా దాన్లోకే ఎలిపోద్ది కదేటి?" అంది అమ్మ. పాత చీరతో, లేసు పెట్టి మరీ సీపీయూకి ఆ కవరు కుట్టింది ఆవిడే. వెనక గాలి ఆడే చోటు కూడా మూసేసింది. పని చేసేటప్పుడు కూడా నేను తీసిన పాపాన పోలేదు.

కవరు తీసి, డబ్బా మూత విప్పి, నల్లటి దుమ్ము దులిపాం. అమ్మ తన టేబుల్ ఫ్యాను తెచ్చి దాని ముందు పెట్టింది. తలంబ్రాలు దాటాయి, అప్పగింతలూ దాటాయి. ఆ అన్నయ్య సీడీ తీసుకుని సంతోషంగా హార్బరుకి బయల్దేరాడు.

ఇందాక ఫ్యాను మళ్లీ అమ్మ మంచం దగ్గర పెట్టబోయాను. కొంగుతో విసురుకుంటూనే, "నాకేటవుద్దిరా, దానికే ఉంచు. రేపింకో పెళ్లుంది గదా" అంది.

ర్యామ్ సంగతి తర్వాత. రేపు ముందు అమ్మకి ఇంకో ఫ్యాను. మీ కంప్యూటర్ ఏం తొడుక్కుని ఉందో, ఓసారి చూసి చెప్పండి.